బోర్లించిన ఊరి చెంబు

మా అత్తగారింట్లో ముందు గది తలుపు తీయగానే ఎడమ పక్క గోడలో ఒక గూడు ఉండేది. అందులో ఒక కంచు చెంబు బోర్లించి ఉండేది. పండగలకు గిన్నెలన్నీ చింతపండు పెట్టి తోమేవాళ్ళం, గోడలకు సున్నం కొట్టేవాళ్ళం. ఆ చెంబును మాత్రం కదిలించేవాళ్ళం కాదు. దాని చుట్టూ తడిగుడ్డతో తుడిచి వదిలేసేవాళ్ళం. అది మా ఇంటిది కాదు, ఊరిది. మా బావ ఇచ్చిన మాట ఒకటి దాని కింద ఉండేది.

మా బావ అంటే మా ఆయనకు సొంత అన్న. డెబ్బైల్లో మా వైపు నుంచి ఎమ్మెల్యేగా గెలిచి హైదరాబాదుకు పోయినవాడు. నేను చదివింది నాలుగో తరగతి వరకే, పేపరు ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. కానీ ఒకసారి విన్న మాట నన్ను విడిచిపెట్టి పోదు. పోతే బాగుండు అనిపించే మాటలు కూడా పోవు.

మాది అనంతపురం జిల్లాలో మెట్ట ఊరు. వాన పడితే శనక్కాయ, లేకపోతే లేదు. అందుకేనేమో, మా ఊళ్ళో నీళ్ళ మీద చెప్పిన మాటకున్న విలువ దేవుడి మీద చెప్పిన మాటకు లేదు. ఎవరైనా మాట ఇవ్వాలంటే ఊరి బయట మంచినీళ్ళ బావి దగ్గరికి పోవాలి. ఊరి చెంబుతో నీళ్ళు ముంచి, ఒక గుక్క తాగి, నలుగురి ముందర మాట చెప్పి, మిగిలిన నీళ్ళు నేల మీద పొయ్యాలి. ఖాళీ చెంబును ఇంటికి తీసుకుపోయి బోర్లించి పెట్టుకోవాలి. పని అయిపోయాక దాన్ని తిప్పి, మళ్ళీ బావి దగ్గరికి తెచ్చి, నీళ్ళు నింపి పారబోసి "అయింది" అని చెప్పాలి. కాకపోతే "కాలేదు" అని చెప్పాలి. కాలేదన్నవాణ్ణి ఎవరూ తిట్టేవాళ్ళు కాదు. ఏ మాటా చెప్పకుండా చెంబును ఇంట్లోనే పెట్టుకున్నవాణ్ణే మనిషి కింద లెక్కపెట్టేవాళ్ళు కాదు. మాట ఇచ్చినవాడు ఊళ్ళో లేకపోతే, పని జరిగింది కళ్ళారా చూసి వచ్చిన అతని నాయన గానీ అన్న గానీ చెంబు తిప్పవచ్చు. ఎద్దుల బేరానికీ, అన్నదమ్ముల బావి పంపకానికీ, కంచె తగాదాలకూ ఆ చెంబే వాడేవాళ్ళు.

చెంబును కాపాడేది బావులు తవ్వే ఇంటి అవ్వ. ఆమె మొగుడు, ఇద్దరు కొడుకులు మా ఊరి చుట్టుపక్కల తవ్వని చోటు లేదు. ఆ కొడుకుల్లో పెద్దవాడు ఎండిన బావిని ఇంకా లోతు చేస్తుంటే మట్టి విరిగి పడి లోపలే ఉండిపోయాడు. అవ్వ ఆ మాట ఎన్నడూ ఎత్తేది కాదు. నీళ్ళ మాట వస్తే మాత్రం ఆమె ముందర ఎవరూ ఊరికే మాట్లాడేవాళ్ళు కాదు.

బావ ఎలక్షన్లో నిలబడినప్పుడు ఊరంతా మా ఇంటి ముందర చేరింది. నేను కొత్త కోడల్ని. తలుపు చాటున నిలబడి విన్నాను.

"ఆడికి పోయి ఏం చేస్తావప్పా?" అని అడిగింది అవ్వ.

"నీళ్ళు అడుగుతానవ్వా."

"అడిగేది మేమూ అడుగుతానే ఉండాము. నిన్ను పంపేది దానికేనా?"

"అడుగుతా. నీళ్ళ మాట తేలే రోజు నీళ్ళ పక్క లేచి నిలబడతా. సాలా?"

"ఆ మాట చెంబు మీద చెప్పు."

కొందరు నవ్వారు. "ఎద్దుల బేరం చెంబుతో అసెంబ్లీకి పోతాడా అవ్వా," అన్నాడొకడు.

మా మామకు అది నచ్చలేదు. "ఎమ్మెల్యే అయితే మాట మారుతాదా ఏమి? తే అవ్వా చెంబు. నా కొడుకు చెప్తాడు," అన్నాడు.

అందరూ బావి దగ్గరికి పోయారు. బావ ఒక గుక్క తాగి, మాట చెప్పి, నీళ్ళు పారబోశాడు. మామ ఆ చెంబును రెండు చేతులా తెచ్చి గూట్లో బోర్లించాడు. ఆయన ముఖం అంత వెలుగ్గా నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే అది మా ఊరు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అనిపిస్తుంది. ఎద్దు మీద మాట ఇచ్చినవాడి చేతిలో ఎద్దు పలుపు ఉంటుంది. అసెంబ్లీలో లేచి నిలబడే కాళ్ళు మా బావవే అయినా, అవి ఎవరి మాట వింటాయో మాకెవరికీ తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను.

బావ మాటకారి అని కాదు గానీ, పట్టుదల ఉన్న మనిషి. అసెంబ్లీ జరిగే నెలల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా కొట్టంలో ఎద్దుల ముందర నిలబడి మాట్లాడేది నేర్చుకునేవాడు. "అధ్యక్షా, మా జిల్లాలో పశువులు గడ్డి లేక..." అని మొదలుపెట్టేసరికి ఎద్దులు చెవులు ఆడించేవి. మా అక్క, అంటే ఆయన భార్య, వంటింట్లోంచే అరిచేది.

"అధ్యక్షా, సంగటి సల్లారిపోతాంది అధ్యక్షా."

"ఒక నిమిషం టైమియ్యండి అధ్యక్షా."

"టైమైపోయింది. కూచోవల్ల."

మేమంతా నవ్వేవాళ్ళం. బావ కూడా నవ్వుకుంటూ వచ్చి సంగటి ముద్ద ముందర కూర్చునేవాడు.

ఆయన అక్కడ ఊరికే కూర్చుని రాలేదు. ప్రశ్నలు వేసేవాడు. గింజ పట్టని శనక్కాయలు సంచిలో తీసుకుపోయి సభలో బల్ల మీద పోసి, ఒలిచి చూడండి అన్నాడట. సభ నడిపే పెద్దాయన, ఇవన్నీ తీసెయ్యండి, ఇది సంత కాదు అన్నాడట. సాయంత్రం రేడియోలో అసెంబ్లీ కబుర్లు చెప్పేటప్పుడు "అనంతపురం జిల్లా సభ్యుడొకరు" అన్న మాట వస్తే చాలు, మామ చెయ్యి ఎత్తి అందరినీ ఊరుకోమనేవాడు. విని, అరుగు మీద తాడిపత్రి బండను కర్రతో ఒకసారి టక్కున కొట్టేవాడు. అది ఆయన సంతోషం.

ఆ కర్ర చప్పుడు మా ఇంటికి గడియారం లాంటిది. మధ్యాహ్నం ఎదురుగా ఉన్న బడిలో రైలుపట్టా ముక్కను గంటలా కొట్టేవాళ్ళు. ఆ గంట మోగగానే మామ చేను నుంచి వచ్చి, అరుగు బండ మీద కర్రతో టక్కున కొట్టి "అమ్మా, నీళ్ళు" అనేవాడు. నేను నీళ్ళు తీసుకుపోయేదాన్ని. బావ ఇంట్లో ఉంటే తానే తీసుకుపోయేవాడు. ఎమ్మెల్యే చేతి నీళ్ళు తాగుతాండా చూడండి అని మామ దారిన పోయేవాళ్ళకు చెప్పేవాడు.

గెలిచి కొన్నేళ్ళయ్యాక ఒక కరువు సంవత్సరం, అసెంబ్లీలో నీళ్ళ మాట తేలే రోజు వచ్చింది. తుంగభద్ర కాలువ నుంచి మా వైపు చెరువులకు ఒక పాయ తవ్వాలని తీర్మానం పెట్టారు. పెట్టింది అవతలి పార్టీవాళ్ళు. అది తేలే రోజు తాను చూడాలని మామ పట్టుబట్టాడు. కొత్త పంచె కట్టుకుని బస్సెక్కాడు. ఊరు బస్సు దాకా వచ్చి సాగనంపింది. తిరిగి వచ్చి ఆయన చెంబు తిప్పుతాడని అందరికీ తెలుసు. అందుకే పోతున్నాడని కూడా తెలుసు.

మామ తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. బడి గంట మోగింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. కర్ర చప్పుడు కాలేదు. మామ అరుగు దాటి, ముందు గది దాటి, గూటి వైపు చూడకుండా పెరట్లోకి పోయాడు. తొట్టిలో నీళ్ళు దోసిలితో తీసుకుని తాగాడు. పశువుల కోసం పెట్టిన తొట్టి అది.

"ఏమైంది మామా?"

 నేను కొర్రలు చెరుగుతూ పక్కనే కూర్చున్నాను. తర్వాత మామ తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

"పైన కూచోబెట్టిరమ్మా, చూసేదానికి వచ్చినోళ్ళను. కర్ర కిందనే పెట్టించుకునిరి. కాలు మీద కాలు వెయ్యగూడదంట. మనోడు బాగా మాట్లాడె. మన బావులు, మన గొడ్లు, అంతా చెప్పె. నా కండ్లల్లో నీళ్ళు తిరిగె. అంతలో గంట మోగిచ్చిరి. బయట ఉండేవాళ్ళంతా పరిగెత్తుకుంటా వచ్చి కూచుండిరి. వాకిళ్ళు మూసిరి. కావల్లనేవాళ్ళు లేచి నిలబడండి అనె పెద్దాయన. మనోడు పంచె సదురుకునె. పక్కనుండేటాయన భుజం మింద చెయ్యేసె. అంతే, కూచునే ఉండె. లేచినోళ్ళను లెక్కబెట్టుకునిరి. మళ్ళా, వద్దనేవాళ్ళు లేవండి అనె. అప్పుడు లేచినాడు."

"పైనుంచి సరిగా కనపడిందో లేదో మామా. ఎవరిని చూసి ఎవరనుకున్నావో."

"కన్నకొడుకు వీపు తెలీదా తల్లీ," అన్నాడు మామ.

ఎవరికీ చెప్పవద్దన్నాడు. చెప్పాల్సింది వాడు, నేను కాదు, నువ్వూ కాదు అన్నాడు.

ఆ సాయంత్రం ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మామ అరుగు మీద కూర్చుని హైదరాబాదు మేడల గురించి, డబుల్ డెక్కర్ బస్సుల గురించి చెప్పాడు. వెనక తలుపు తీసే ఉంది. గూడు అందరికీ కనపడుతూనే ఉంది. వచ్చినవాళ్ళు ఆయన చెప్పేది విన్నారు, ఒకసారి లోపలికి చూశారు, లేచి పోయారు. అవ్వ అందరికన్నా చివర వచ్చింది. ఆమె కూర్చోలేదు. గూటి వైపు చూసి, "ప్రయాణం చేసి అలిసిపోయింటావు, పండుకోప్పా," అని మామతో చెప్పి పోయింది.

కొన్నాళ్ళకు బావ వచ్చాడు. మెడలో దండ ఉంది. బాగా మాట్లాడావని అనంతపురంలో ఎవరో వేశారట. లోపలికి వస్తూనే గూటిని చూశాడు. దండ తీసి మంచం కోడుకు తగిలించాడు. అక్కతో మాట్లాడుతుంటే నేను వంటింట్లోంచి విన్నాను. బావకు నేను ఎదురు పడి మాట్లాడే వరస కాదు.

"ఆ తీర్మానం గెలిస్తే మన సర్కారు ఓడినట్టు లెక్క. మాట నాదే గానీ, లేచేది పార్టీ చెప్పినట్టు లెయ్యల్ల. వచ్చే బడ్జెట్టులో మన కాలువ మనమే పెట్టుకుందామని మన పార్టీ పెద్దాయన చెయ్యి పట్టుకుని చెప్పినాడు. కాలువ వచ్చినాక చెంబు నేనే తిప్పుతా."

"ఆ ముక్కేదో మీ నాయనతో చెప్పు," అంది అక్క.

"చెప్తా."

"ఎప్పుడు?"

"కాలువ వచ్చినాక."

"మీ నాయన నీళ్ళు యాడ తాగుతాండాడో చూసినావా?"

 మరుసటి రోజు బావ బడి గంట మోగే వేళకు నీళ్ళు పట్టుకుని అరుగు దగ్గర నిలబడ్డాడు. మామ పెరటి దారిన వచ్చాడు. బావ పట్టుకున్న నీళ్ళు అలాగే ఉండిపోయాయి. తండ్రీ కొడుకులు పోట్లాడుకోలేదు. వానల గురించి, ఎద్దుల గురించి, మందుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నారు.

బడ్జెట్టు వచ్చింది, పోయింది. మరోటి వచ్చింది. కొలతలు వేసేవాళ్ళు ఒకసారి వచ్చి రాళ్ళు పాతి పోయారు. రాళ్ళకు సున్నం కూడా పూశారు. బావ ఆ రాళ్ళ వెంబడి నడిచి వచ్చి, చూసినావా అన్నట్టు మామ వైపు చూసేవాడు. రెండో ఎలక్షన్లోనూ ఊరు ఆయనకే ఓటేసింది. ఎవరూ ఏమీ అడగలేదు. అదే ఆయనకు నిద్ర లేకుండా చేసిందని అక్క అనేది.

ఊళ్ళోవాళ్ళ ఇబ్బంది వేరే. ఊరికి ఉండేది ఒక్క చెంబే. పాత మాట తేలనిదే కొత్త మాట దాని మీద చెప్పకూడదు. బావి పంపకం కోసం ఇద్దరు అన్నదమ్ములు మా వాకిటి దాకా వచ్చి, గూటిని చూసి, ఇంకో నాడు చూసుకుందాంలే అని వెళ్ళడం నాకు గుర్తు. వాళ్ళ పంపకం చివరికి కల్యాణదుర్గం కోర్టులో తేలింది. కంచెల తగాదాలు కొట్లాటలయ్యాయి. ఇచ్చిన మాటను పట్టి నిలబెట్టడానికి ఊళ్ళో ఏమీ లేకుండా పోయింది. అదంతా మా గోడలో బోర్లించి ఉంది.

డెబ్బైలు దాటుతుండగా ఒక వేసవిలో మామ పోయాడు. ముందు రోజు వరకూ పెరట్లోనే నీళ్ళు తాగాడు. ఆయన కర్రను ఆయనతోనే చితి మీద పెట్టాం. అది కాలడం మా ఆయన చూశాడు, బావ చూశాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

కర్మలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం బడి గంట మోగింది. బావ ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గంట వినగానే చేత్తో పంచె సర్దుకుని సగం లేచాడు. లేచి, ఎక్కడున్నాడో తెలియనట్టు చూసి, కూర్చున్నాడు. అప్పుడే అరుగు బండ మీద టక్కున చప్పుడయింది.

నేను వంటింట్లో ఉన్నాను. నీళ్ళ చెంబు అందుకోవడానికి నా చెయ్యి అప్పటికే పోయింది. అక్క నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను.

"నాయన వచ్చినట్టుండాది, చూడండి," అన్నాడు బావ. మామూలు గొంతుతోనే అన్నాడు.

అక్క పోయి చూసి వచ్చింది. బండ మీద ఎండ తప్ప ఏమీ లేదు.

ఆ రోజుతో ఆగిపోలేదు. రోజూ కాదు, కొన్ని రోజులు. గంట మోగేది. బావ సగం లేచేవాడు. టక్కుమనేది. తొండ అనుకున్నాం, బండ ఎండకు పగులుతుందేమో అనుకున్నాం. మా ఆయన బండ తీయించి ఇసుక పోసి మళ్ళీ పరిపించాడు. చప్పుడు మారలేదు. భయం వేసేదా అని అడుగుతారు మా ఇంట్లో పిల్లలు. భయం కాదు. ఎవరో బయట నిలబడి ఉన్నారు, మనం నీళ్ళు ఇవ్వలేదు అనిపించేది. అది భయం కన్నా కష్టం.

మూడోసారి బావకు టికెట్టు ఇవ్వలేదు. హైదరాబాదు వెళ్ళడం మానేశాడు. ఎద్దుల ముందర మాట్లాడటం కూడా ఎప్పుడో మానేశాడు. అక్క ఒకసారి నవ్వించాలని "అధ్యక్షా, సంగటి" అంది. బావ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట అనలేదు.

ఎనభైలలో మళ్ళీ ఎలక్షన్లు వచ్చాయి. పక్క వీధి కుర్రాడొకడు నిలబడ్డాడు. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. ఒక పొద్దున అవ్వ మా ఇంటికి వచ్చింది. అప్పటికి నడుము పూర్తిగా వంగిపోయింది. అరుగు బండ మీద మామ కూర్చునే చోటు వదిలి పక్కకు కూర్చుంది. బావ కుర్చీ అక్కడికే తెచ్చుకున్నాడు.

"ఏమప్పా, చెంబు కావల్ల," అంది.

"కాలువ వస్తాదవ్వా. రాళ్ళు పాతినారు గదా. వచ్చిన్నాడు 'అయింది' అని చెప్పి నా చేత్తో ఇస్తా."

"వచ్చిన్నాడు నీళ్ళు తాగుదాంలే. కాలువ యాడుండాదని నేను అడగల్యా. నువ్వు యా పక్క లేచి నిలబడితివో అది చెప్పి చెంబు ఇయ్యి."

బావ కుర్చీలో ముందుకు వంగాడు. "ఎవరు చెప్పిరి నీకు?"

"ఎవరు చెప్పల్లప్పా? మీ నాయన కండ్లతో చూసొచ్చె. చెంబు తిప్పల్యా. ఊరంతా వచ్చి చూసి పోతిమి గదా."

"తెలిసీ మళ్ళా నాకే ఓటేస్తిరే?"

"చెప్తావని వేస్తిమి," అంది అవ్వ. "చెప్పల్ల అనుకునేవాడు ఊరికి దగ్గర్లో ఉంటే మేలు గదా. ఓడిపోయి యాడికన్నా పోయింటే చెంబును ఎవరిని అడగల్ల?"

బావ చాలాసేపు ఆమె చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చేతులు మోసిన మట్టి ఎంతో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తర్వాత లేచి ముందు గదిలోకి వచ్చాడు. గూటి ముందు నిలబడ్డాడు. చెంబు గోడకు అతుక్కుపోయినట్టుంది, తీస్తే సున్నం పెళ్ళ ఊడి వచ్చింది. దాని కింద గుండ్రంగా కొంచెం చోటు మాత్రం పాత గోడ రంగులోనే ఉంది.

బావి దగ్గరికి పెద్దగా ఎవరూ రాలేదు. అవ్వ, పక్క వీధి కుర్రాడు, పొలాలకు పోతూ ఆగినవాళ్ళు కొందరు, మేము ఆడవాళ్ళం కొంచెం దూరంగా. బావ నీళ్ళు ముంచాడు. అడుగున బురద తేలి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాట్లాడింది నిజం," అన్నాడు. "కావల్లన్నప్పుడు కూచున్నా. వద్దన్నప్పుడు లేచినా. కాలేదు."

నీళ్ళు పారబోశాడు. ఎవరూ తిట్టలేదు. భూమి తాగేసింది. అవ్వ చెంబు తీసుకుని కొంగుతో లోపల తుడిచి కుర్రాడికి ఇచ్చింది. "నీ మాట జాగ్రత్తగా చెప్పుకోప్పా. ఆడ ఏం చేస్తారో ఈయన్ను అడిగి చెప్పు," అంది. కుర్రాడు బావ వైపు తిరిగాడు. అలా వాళ్ళిద్దరూ బావి గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. గంట ఎలా మోగుతుందో, వాకిళ్ళు ఎలా మూస్తారో, భుజం మీద చెయ్యి ఎంత బరువుంటుందో బావ చెప్పడం నేను విన్నాను. అవన్నీ ఆయన మాకెప్పుడూ చెప్పలేదు.

ఇంటికి వచ్చాం. గూడు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం బడి గంట మోగింది. నేనూ అక్కా బావ వైపే చూస్తున్నాం. ఆయన లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాను.

టక్కుమని చప్పుడయింది.

అక్క కళ్ళు మూసుకుంది. బావ అప్పుడు లేచాడు. పూర్తిగా, మామూలు మనిషి లేచినట్టు లేచాడు. నా దగ్గరికి వచ్చి, "నీళ్ళు ఇయ్యమ్మా," అన్నాడు. ఆయన నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. మా ఇంటి నీళ్ళ చెంబు ఇచ్చాను. తీసుకుపోయి అరుగు బండ మీద, మామ కూర్చునే చోట పెట్టాడు. తానూ పక్కన కూర్చున్నాడు. సాయంత్రం వరకూ ఎండలోనే కూర్చున్నాడు. మేము పిలవలేదు.

చీకటి పడే ముందర నేను పోయి చెంబు తీశాను. నీళ్ళు లేవు. ఎండ తాగిందో, ఆయన తాగాడో, నేను అడగలేదు. కడిగి బోర్లించబోయి, ఎందుకో చెయ్యి రాక, మామూలుగానే నిలబెట్టి పెట్టాను.